ఇతరములు

నా రిజిస్టరులో ఇరవైమూడు గళ్లు.
చలిజ్వరానికి ఒకటి, దగ్గుకి ఒకటి,
దోమతెరలెన్ని, కాన్పులెన్ని,
షుగరు, బీపీ, స్పర్శలేని మచ్చ.
కింతలి దాలయ్యని ఎందులో రాయను?

చిన్నబండి రోజుల్లో గేంగుమేను అతను.
పర్లాకిమిడి నుంచి గుణుపూరు దాకా
లైనంతా సుత్తితో తట్టి
చెవితో జబ్బు కనిపెట్టినవాడు.
ఆ సన్నపట్టాలు పీకేసి ఏళ్లయింది.
ఆ సంగతి ఇంట్లోవాళ్లు రోజూ చెబుతారు,
రోజూ అతనికి కొత్త కబురే.

నాలుగయితే లేస్తాడు,
దూలం మీద జెండా తడుముకుంటాడు,
దొరక్కపోతే కోడలి ఎర్ర రవిక పట్టుకుని
లైను మీదకి నడుస్తాడు.

నేను వెళ్లేసరికి
పాత చీరంచుతో కాలు మంచంకోడుకి కట్టి ఉంది.
"ముడి వదులుగానే ఏసినానమ్మా" అంది ఆదెమ్మ,
నేను అడక్కముందే.
జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్లు
కొంగులో దాచుకుంది.
"పనికెల్తే ఈయన ఎల్లిపోతాడు,
ఎల్నేదంటే పొయ్యిలో పిల్లి లెగదు."

నెల మీటింగులో లేచి అడిగాను.
డాక్టరుబాబు మంచివాడే,
"ఇతరములులో రాయి" అన్నాడు.
ఆ గడి చిటికెనవేలంత.
అందులోనే పాముకాటు, పిప్పిపన్ను,
చెట్టు మీంచి పడ్డ కల్లుగీత మనిషి.

ఆ రాత్రి స్కేలు పెట్టి ఇరవైనాలుగో గడి గీశాను.

ఏడు ఊళ్లు తిరిగాను.
మతిమరుపు ఎవరికైనా ఉందా అంటే
"ముసిలితనం కదమ్మా" అని నవ్వారు.
తర్వాత ప్రశ్న మార్చాను:
మీ ఇంట్లో ఏ తలుపుకైనా
బయట గొళ్లెం వేస్తున్నారా?
అప్పుడు నవ్వలేదు ఎవరూ.

పద్నాలుగు తలుపులు.
ఒకదాని వెనక సవరల సుంబరి:
గోడ నిండా గుర్రాలు గీసిన చెయ్యి
ఇప్పుడు రౌతు దగ్గర ఆగిపోతోంది.
ఒకదాని వెనక పాఢీ మాస్టరు:
ఒడియా, తెలుగు, ఇంగ్లీషు చెప్పినాయన
ఏ భాషలోనూ దాహమని అడగలేడు.

మలేరియాకి ఇంటింటికీ తిరిగాం,
కుండీలు బోర్లించాం, మందు కొట్టాం.
దోమకాటుని వయసు అని
ఎవరూ వదిలెయ్యలేదే.

మరుసటేడు పై నుంచి ఓ కాగితం వచ్చింది.
ప్రశ్నలన్నీ ఒడియాలో, జవాబుకో మార్కు.
దాలయ్య ముందు కూర్చుని తెలుగు చేసి చదివాను.
ఇది ఏ జిల్లా, తాతా?
"గంజాం."
తప్పు. సున్నా వెయ్యాలి.
కలం ఆగింది.
జిల్లాని విడగొట్టింది సర్కారు,
పేరు మార్చింది సర్కారు,
సున్నా మాత్రం ఇతనికా?

కాగితంలో లేని ప్రశ్న అడిగాను:
నౌపడ తర్వాత?
"టెక్కలి, టెంబూరు, పాతపట్నం..."
నీళ్లు పట్టే చోటు కూడా చెప్పాడు.
కోడలి పేరు అడిగితే
రవిక వంక చూశాడు.
అంచు మీద తెలుగులో రాశాను.
పైవాళ్లు చదవలేరని తెలుసు.

నేనడిగేది పెద్దదేం కాదు.
ఒక అచ్చు గడి.
మందుల గదిలో ఒక సొరుగు.
వారానికి రెండు రోజులు
ఇతన్ని కూర్చోబెట్టుకునే ఒక అరుగు, ఒక మనిషి,
ఆ రెండు రోజులూ ఆదెమ్మకి జీడిపిక్కల కూలి.
ఇంకొకటి:
మహేంద్రతనయ దాటితే పాతపట్నం ఆస్పత్రి,
మనిషి దాటతాడు, కార్డు దాటదు.
దాన్నీ దాటించండి.

ఇవాళ నాలుగింటికి ముడి నేనే విప్పాను.
గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిచాం.
పెద్దబండి వచ్చింది, పోయింది.
అతను రవిక దించలేదు.
"ఎంత లేటు?" అన్నాడు,
డ్యూటీ గొంతుతో.
"చాలా, తాతా."
"అయితే రాయి."

రిజిస్టరు తెరిచాను.